ఆర్మూర్ నెత్తిమీది ఆకాశంలో కొత్త సంగతులు

తెలంగాణలో పసుపు పండించే ఆర్మూర్ 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ధ్రువ నక్షత్రం ఇక్కడ ఉత్తర దిక్కున దాదాపు 19 డిగ్రీల ఎత్తులో నిలిచి ఉంటుంది. ఐరోపాలోని చాలా నగరాలకు ఎన్నడూ కనిపించని దక్షిణాకాశపు చుక్కలు ఈ ఊరికి ఏటా వచ్చిపోతాయి. అగస్త్య నక్షత్రం దక్షిణాన 18 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. సూర్యుడికి అతి దగ్గరి పొరుగైన ఆల్ఫా సెంటారీ వేసవి రాత్రుల్లో పది డిగ్రీలు లేచి మళ్లీ దిగిపోతుంది. లెక్క కడితే, మొత్తం ఆకాశంలో ఆర్మూర్‌కు ఏడాది పొడవునా కనిపించకుండా పోయేది దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న చిన్న వలయం ఒక్కటే. అది నూటికి మూడు వంతుల లోపు. గత పదేళ్లలో ఖగోళ శాస్త్రవేత్తలు కనిపెట్టిన పెద్ద సంగతుల్లో చాలావరకు మిగతా తొంభై ఏడు వంతుల్లోనే ఉన్నాయి. వాటిని పట్టుకున్న టెలిస్కోపులు అంతరిక్షంలోనో, చిలీ కొండల మీదో, లద్దాఖ్‌లోనో ఉండవచ్చు. అవి చూసిన దిక్కు మాత్రం పసుపు కళ్లం నుంచి తలెత్తితే కనిపించే దిక్కే.

ఆ దిక్కులు రైతుకు కొత్తవి కావు. తెలంగాణ పల్లెల్లో మిరుగం అని పిలిచే మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఆ తర్వాత రెండు వారాలకు ఆరుద్ర కార్తె. పసుపు విత్తనం భూమిలో పడేది ఈ కార్తెల చుట్టుపక్కలే. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే అది ఆ కార్తె కాబట్టి, ఆ రోజుల్లో ఆ చుక్కలు పగటి వెలుగులో మునిగిపోయి కనిపించవు. ఆరు నెలలు గడిచి సూర్యుడు ఆకాశంలో అవతలి వైపుకు వెళ్లాక అవే చుక్కలు రాత్రంతా నెత్తిమీద ఉంటాయి. కార్తె పేరుతో విత్తిన పంటను తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసే జనవరి నుంచి మార్చి దాకా, పొద్దుగూకాక మృగశిర, ఆరుద్ర ఎత్తుగా వెలుగుతుంటాయి. వానలేని, పొడిగాలి వీచే ఆ నెలలే ఆర్మూర్ ప్రాంతంలో ఆకాశం చూడటానికి అన్నిటికన్నా మంచి కాలం.

హైదరాబాద్ కొలిచిన పట్టీ

తెలుగు నేల మీది ఈ అక్షాంశాన్ని శాస్త్రానికి పెద్ద ఎత్తున వినియోగించింది హైదరాబాద్‌లోని నిజామియా వేధశాల. ఇంగ్లాండులో చదువుకున్న నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత ఖర్చుతో దాన్ని స్థాపించారు. ఆయన చనిపోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతికి తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

అప్పటికి ప్రపంచంలో ఒక మహా ప్రయత్నం నడుస్తోంది. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశం మొత్తాన్ని ఫొటో పలకల మీదికి ఎక్కించాలని, దాన్ని పట్టీలుగా చీల్చి ఒక్కో వేధశాలకు ఒక్కో పట్టీ అప్పగించాలని నిర్ణయించారు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ మొదట చిలీలోని శాంటియాగో వంతు. అక్కడ పని సాగలేదు. ఆ పట్టీని హైదరాబాద్ తీసుకుంది. ఆర్మూర్ నుంచి చూస్తే అది దక్షిణ దిక్కున 48 నుంచి 54 డిగ్రీల ఎత్తులో సాగిపోతుంది. 1914 నుంచి 1929 దాకా ఈ పని జరిగింది. రాత్రి గాజు పలక మీద ఆకాశం ముక్కను పట్టడం, పగలు ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి రాయడం. యంత్రాలు లేని రోజుల్లో మనుషులు కళ్లతో, చేతులతో లక్షలాది చుక్కల స్థానాలను ఇలా పుస్తకాల్లోకి ఎక్కించారు. 1918 తర్వాత వేధశాల బాధ్యత చేపట్టిన టి.పి. భాస్కరన్ కాలంలో దీనిలో చాలా భాగం పూర్తయింది. ఈ పట్టీ అయ్యాక, జర్మనీలోని పోట్స్‌డామ్ వంతుగా మిగిలిన 36 నుంచి 39 డిగ్రీల ఉత్తర పట్టీని కూడా హైదరాబాదే పట్టింది.

ఈ శ్రమ ఫలం డెబ్భై ఏళ్ల తర్వాత చేతికొచ్చింది. ఐరోపా వారి హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 దాకా నక్షత్రాల స్థానాలను కొలిచింది. ఆ కొత్త స్థానాన్ని పాత గాజు పలకల స్థానంతో పోలిస్తే, మధ్యలో గడిచిన దశాబ్దాల్లో చుక్క ఎటు ఎంత జరిగిందో తెలుస్తుంది. 2000లో వెలువడిన టైకో-2 అనే పట్టిక సుమారు 25 లక్షల నక్షత్రాల కదలికను ఇలాగే తేల్చింది. దానికి ఆధారమైన పాత కొలతల్లో హైదరాబాద్ పలకలవీ ఉన్నాయి. నక్షత్రం జరిగే దూరం అతి స్వల్పం. కొలత ఎంత కచ్చితంగా ఉన్నా, రెండు కొలతల మధ్య కాలం లేకపోతే ఆ జరుగుబాటు బయటపడదు. ఆ కాలాన్ని ఉపగ్రహం కొనుక్కోలేదు. హైదరాబాద్ దాన్ని ముందే దాచిపెట్టింది. తెలుగు వారు ఈ సంగతిని ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

ఈ వేధశాల నీడలోనే మరో మనిషి ఎదిగారు. వైణు బప్పు తండ్రి నిజామియా వేధశాల ఉద్యోగి. బప్పు నిజాం కళాశాలలో చదివి, హైదరాబాద్ సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టారు. తిరిగి వచ్చాక తమిళనాడులోని జవ్వాది కొండల మీద కావలూరు వేధశాలను నిలబెట్టారు. 1977 మార్చి 10 రాత్రి అక్కడి ఒక మీటరు టెలిస్కోపు ఒక దూరపు చుక్క ముందు నుంచి యురేనస్ దాటిపోవడాన్ని గమనించింది. గ్రహం అడ్డు రాకముందే చుక్క వెలుగు మినుకుమంది. గ్రహం చుట్టూ వలయాలు ఉండటమే దానికి కారణం. అదే రాత్రి విమానంలో అమర్చిన అమెరికన్ టెలిస్కోపు కూడా ఆ వలయాలను పట్టుకుంది.

అదే యురేనస్ దగ్గర 2025లో మరో సంగతి బయటపడింది. ఫిబ్రవరి 2న జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన చిత్రాల్లో అంతవరకు ఎవరూ చూడని చిన్న ఉపగ్రహం దొరికింది. దాని అడ్డుకొలత సుమారు 10 కిలోమీటర్లు. 1986లో యురేనస్ పక్క నుంచే వెళ్లిన వోయేజర్-2కు కూడా అది చిక్కలేదు. దీనితో యురేనస్ ఉపగ్రహాల లెక్క 29కి చేరింది. 2025, 2026 సంవత్సరాల్లో యురేనస్ ఉన్నది కృత్తికల దగ్గర, పల్లెల్లో పిల్లలకోడి అనే చుక్కల గుంపు పక్కన. ఆర్మూర్‌కు అది దాదాపు నడినెత్తి. కంటికి ఆనకపోయినా మంచి బైనాక్యులర్స్‌లో చిన్న చుక్కగా దొరుకుతుంది.

చలికాలపు ఆకాశం

కృత్తికలకు తూర్పున, వృషభ రాశి కొమ్ము కొస దగ్గర క్రాబ్ నెబ్యులా ఉంది. 1054లో ఇక్కడ పేలిన నక్షత్రం పట్టపగలు కూడా కనిపించిందని చైనా వారు రాసిపెట్టారు. ఆ పేలుడు నుంచి మిగిలింది సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వాయు మేఘం, దాని నడుమ సెకనుకు 30 సార్లు తన చుట్టూ తాను తిరిగే పల్సర్. ఒక కాంతి సంవత్సరం అంటే దాదాపు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. సూర్యుడి కన్నా బరువైన పదార్థమంతా పది, ఇరవై కిలోమీటర్ల గోళంలోకి కుదించుకుపోతే వచ్చేదే పల్సర్.

భారత్ పంపిన మొదటి ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరింది. దానిలోని ఒక పరికరం దాదాపు ఏడాదిన్నర పాటు క్రాబ్ పల్సర్‌ను మళ్లీ మళ్లీ చూసి, అక్కడి నుంచి వచ్చే ఎక్స్ కిరణాల ధ్రువణాన్ని, అంటే ఆ తరంగాలు ఏ తలంలో ఊగుతున్నాయో కొలిచింది. పల్సర్ మిణుకు వెలుగులోకి వచ్చినప్పుడు కాదు, రెండు మిణుకుల నడుమ ఆ ధ్రువణం చాలా వేగంగా మారుతోందని 2017లో వెలువడిన ఫలితం చెప్పింది. అప్పటికి ఉన్న సిద్ధాంతాలు ఊహించింది ఇది కాదు. ఆ దారిలోనే 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎక్స్‌పోశాట్ వెళ్లింది. ధ్రువణం కొలవడానికే దాన్ని తయారు చేశారు. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ తయారు చేసిన దాని ప్రధాన పరికరం మొదట చూసింది కూడా క్రాబ్‌నే.

ఆరుద్ర నక్షత్రం సంగతి అందరికీ తెలియవలసింది. మృగశిర పక్కన ఎర్రగా మెరిసే ఈ చుక్కను ప్రపంచం బీటల్‌గ్యూజ్ అంటుంది. సూర్యుడి స్థానంలో దాన్ని పెడితే కుజుడి కక్ష్యను కూడా దాటిపోయేంత పెద్దది. 2019 చివర్లో అది ఒక్కసారిగా మసకబారింది. 2020 ఫిబ్రవరి నాటికి మామూలు కంటికే తేడా తెలిసింది. పేలిపోతుందేమోనని పత్రికలు రాశాయి. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపు తీసిన చిత్రాల్లో నక్షత్రం దక్షిణ భాగం మాత్రమే చీకటిగా ఉందని తేలింది. నక్షత్రం ఎగజిమ్మిన వాయువు చల్లారి ధూళిగా మారి ముందు అడ్డుపడిందని 2021లో శాస్త్రవేత్తలు వివరించారు. దాని వెలుగు దాదాపు ఆరేళ్లకోసారి తగ్గి పెరగడానికి కారణం మాత్రం చాలాకాలం అంతుబట్టలేదు. పక్కనే చిన్న తోడు నక్షత్రం తిరుగుతుండాలని 2024లో లెక్కలు సూచించాయి. 2025 జులైలో హవాయిలోని జెమినై నార్త్ టెలిస్కోపు బృందం ఆ తోడును చూసినట్టు ప్రకటించింది. పెద్ద చుక్క వెలుగులో మునిగిన మసక చుక్క కాబట్టి ఆ ఆధారం ఇంకా బలపడాల్సి ఉంది.

ఇక చలికాలపు ఆకాశంలో అన్నిటికన్నా విలువైన చోటు, చూడటానికి ఏమీ లేని చోటు. డిసెంబర్, జనవరి సాయంత్రాల్లో దక్షిణాన 43 డిగ్రీల ఎత్తున ఫోర్నాక్స్ అనే మసక రాశి ఉంటుంది. అందులో చంద్రబింబం కన్నా చిన్నదైన ఒక ముక్కను ఖగోళ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తదేకంగా చూస్తున్నారు. మన పాలపుంత ధూళి అక్కడ తక్కువ. దగ్గరి చుక్కలు అడ్డురావు. చీకటిగా కనిపించే ఆ ముక్కలో వేలాది గెలాక్సీలు దాగి ఉన్నాయి.

2016 అక్టోబర్‌లో ఆస్ట్రోశాట్ ఈ ముక్క మీద 28 గంటలకు పైగా చూపు నిలిపింది. దాని అతినీలలోహిత టెలిస్కోపు అద్దం అడ్డుకొలత మూర లోపే, దాదాపు 38 సెంటీమీటర్లు. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు అద్దం 2.4 మీటర్లు. అయినా ఏయూడీఎఫ్ఎస్01 అనే గెలాక్సీ నుంచి వస్తున్న అతి తీక్ష్ణమైన అతినీలలోహిత కాంతిని పట్టింది ఆస్ట్రోశాటే. పుణెలోని అయూకా సంస్థకు చెందిన కనక్ సాహా బృందం దాదాపు రెండేళ్లు ఆ సమాచారాన్ని జల్లెడపట్టి 2020లో ఫలితం ప్రకటించింది. ఆ కాంతి బయలుదేరి 930 కోట్ల సంవత్సరాలైంది. హబుల్ చేయలేనిది చిన్న అద్దం చేయగలిగిందంటే కారణం, ఆస్ట్రోశాట్ పరికరంలో సొంత రొద చాలా తక్కువగా ఉండటం. అతి మసక సంకేతం ఆ నిశ్శబ్దంలోనే బయటపడింది.

ఈ కాంతికి అంత విలువ ఎందుకంటే, విశ్వం మొదటి దశలో ఖాళీ అంతా హైడ్రోజన్ పొగమంచుతో నిండి ఉండేది. తొలి గెలాక్సీల తీక్ష్ణ కాంతి ఆ హైడ్రోజన్ పరమాణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి విశ్వాన్ని పారదర్శకం చేసిందని శాస్త్రం చెబుతుంది. కానీ ఆ కాంతి సొంత గెలాక్సీలోని వాయువును దాటి బయటికి రావడమే కష్టం. అలా బయటికి వస్తున్న గెలాక్సీలు అరుదు. ఆస్ట్రోశాట్ పట్టుకున్నది అలాంటి ఒకటి. భారత ఖగోళ శాస్త్రంలో గత పదేళ్లలో జరిగిన పనుల్లో దీనికి దక్కిన ప్రచారం, దీని విలువ ముందు చాలా తక్కువ.

అదే ఫోర్నాక్స్ ముక్కలోకి జేమ్స్ వెబ్ చూసింది. 2021 డిసెంబర్ 25న బయలుదేరిన ఈ టెలిస్కోపు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుడికి వీపు పెట్టి తిరుగుతోంది. బంగారు పూత పూసిన 18 పలకలు కలిసి 6.5 మీటర్ల అద్దం. వెడల్పైన అయిదు పొరల పరదా నీడలో అది సున్నాకు దిగువన 220 డిగ్రీలకు పైగా చల్లబడి ఉంటుంది. వేడి వస్తువు ఏదైనా పరారుణ కాంతిని విడుస్తుంది. టెలిస్కోపే వేడిగా ఉంటే తన వెలుగే తనకు అడ్డం. వెబ్ చూడాల్సిందేమో పరారుణ కాంతినే. దూరపు గెలాక్సీ నుంచి కాంతి వచ్చే లోపు విశ్వం వ్యాకోచిస్తుంది. దానితో పాటు కాంతి తరంగం సాగుతుంది. ఈ ముక్కలో దొరికిన జేడ్స్-జీఎస్-జడ్14-0 అనే గెలాక్సీ కాంతి 15 రెట్లు సాగింది. అతినీలలోహితంగా బయలుదేరిన తరంగం పరారుణంగా చేరింది. మామూలు కంటికి తెలిసే రంగుల్లో అక్కడ ఏమీ ఉండదు.

2024 మేలో ప్రకటించిన ఈ గెలాక్సీ కాంతి బయలుదేరినప్పుడు విశ్వం వయసు దాదాపు 30 కోట్ల సంవత్సరాలే. ఇప్పుడు 1,380 కోట్లు. అంత తొందరగా ఇంత వెలుగు ఎలా వచ్చిందన్నది మొదటి చిక్కు. రెండో చిక్కు 2025 మార్చిలో వచ్చింది. చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులు అదే గెలాక్సీలో ఆక్సిజన్‌ను గుర్తించాయి. ఆక్సిజన్ తయారయ్యేది నక్షత్రాల కడుపులో. అవి పుట్టి, కాలి, పేలితే తప్ప అది బయటపడదు. లెక్కల ప్రకారం ఉండాల్సిన దానికన్నా భార మూలకాలు దాదాపు పది రెట్లు ఎక్కువగా కనిపించాయి. అంటే ఒక తరం నక్షత్రాలు అప్పటికే బతికి చనిపోయాయి. 2025లోనే సెక్స్‌టన్స్ రాశి దిక్కున మామ్-జడ్14 అనే ఇంకా పాత గెలాక్సీని వెబ్ పట్టింది. అది మహా విస్ఫోటం తర్వాత 28 కోట్ల సంవత్సరాలప్పటిది. తొలి గెలాక్సీలు ఎంత తొందరగా పెరిగాయన్న లెక్కలను ఈ రెండూ తిరగరాయిస్తున్నాయి.

ఒక మసక మచ్చలో ఆక్సిజన్ ఉందని ఎలా తెలుస్తుందన్నది సహజమైన ప్రశ్న. పసుపు కొమ్ము నాణ్యత పైతొక్క చూస్తే తెలియదు. మార్కెట్‌లో కొనేవాడు దాన్ని విరిచి లోపలి రంగు చూస్తాడు. ఖగోళ శాస్త్రవేత్త కాంతిని అలా విరుస్తాడు. వర్ణపటంగా పరుచుకున్న కాంతిలో ఒక్కో మూలకం తనకే చెందిన చోట గీత గీస్తుంది. ఆ గీతలు ఉండాల్సిన చోటు నుంచి ఎంత జరిగాయో చూస్తే కాంతి ఎన్ని రెట్లు సాగిందో, అది ఎంత పాతదో తెలుస్తుంది. చిత్రాలు పత్రికలకెక్కుతాయి కానీ, నిజమైన సంగతులు ఎక్కువగా ఈ గీతల్లోనే ఉంటాయి.

ఎండాకాలం, వానాకాలం

ఫాల్గుణ, చైత్ర మాసాల్లో సింహరాశి నెత్తిమీదికి వస్తుంది. అందులో 124 కాంతి సంవత్సరాల దూరంలో కే2-18 అనే చిన్న ఎర్ర నక్షత్రం, దాని చుట్టూ 33 రోజులకోసారి తిరిగే ఒక గ్రహం ఉన్నాయి. ఆ గ్రహం భూమికి దాదాపు తొమ్మిది రెట్లు బరువు. గ్రహం నక్షత్రం ముందు నుంచి వెళ్లినప్పుడు దాని వాతావరణపు అంచుల్లోంచి వచ్చే కాంతిని వెబ్ విరిచి చూసింది. 2023లో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కనిపించాయి. 2025 ఏప్రిల్‌లో, భారత్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న నిక్కు మధుసూదన్ బృందం డైమిథైల్ సల్ఫైడ్ జాడ ఉండవచ్చని చెప్పింది. భూమ్మీద ఆ వాయువును విడిచేది ముఖ్యంగా సముద్రపు సూక్ష్మజీవులు. జీవం దొరికిందని వార్తలు గుప్పుమన్నాయి. ఆ బృందం అంత మాట అనలేదు. తమ సంకేతం యాదృచ్ఛికం కావడానికి వెయ్యిలో మూడు పాళ్ల అవకాశం ఉందని వారే రాశారు. శాస్త్రం ఆవిష్కరణగా ఒప్పుకునే హద్దుకు అది చాలా దూరం. అదే సమాచారాన్ని తిరిగి పరీక్షించిన ఇతర బృందాలకు అసలు ఆ వాయువు ఉందనేందుకే తగిన ఆధారం దొరకలేదు. పాఠకుడు ఇలాంటి వార్తల్లో వెతకాల్సింది, సంకేతం యాదృచ్ఛికం కావడానికి ఎంత అవకాశం ఉందని చెప్పే అంకెనే.

సింహరాశి వెనకే కన్యారాశి వస్తుంది. అందులోని ఎం87 గెలాక్సీ ఆర్మూర్‌కు దాదాపు నడినెత్తి మీదుగా వెళుతుంది. 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని దాని నడిబొడ్డున 650 కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉంది. ఎనిమిది రేడియో టెలిస్కోపులు భూమి అంత పెద్ద ఒకే పరికరంగా జతకూడి 2017 ఏప్రిల్‌లో దాన్ని చూశాయి. 2019 ఏప్రిల్ 10న ఆ చిత్రం విడుదలైంది. నల్లటి మధ్యభాగం చుట్టూ వెలుగు వలయం. 2022 మే 12న మన పాలపుంత నడుమనున్న కృష్ణబిలం చిత్రం వచ్చింది. అది ధనూరాశి దిక్కున, సుమారు 27 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. బరువు 40 లక్షల సూర్యులంత. దారిలో ఉన్న ధూళి మామూలు వెలుగును మింగేస్తుంది. రేడియో తరంగాలు దాన్ని దాటి వస్తాయి.

ధనూరాశి ఆర్మూర్‌కు రాత్రివేళ బాగా కనిపించాల్సిన జూన్, జులై, ఆగస్టు నెలల్లో మబ్బులు కమ్ముతాయి. చిలీ కొండల మీద అదే కాలంలో పొడి గాలి, తేట ఆకాశం. ప్రపంచంలోని పెద్ద టెలిస్కోపులు అక్కడికి చేరడానికి కారణం ఇదే. వాటిలో సరికొత్తది వేరా రూబిన్ వేధశాల. 8.4 మీటర్ల అద్దం, 3,200 మెగాపిక్సెల్ కెమెరా. ఒక్కో చిత్రంలో 45 పున్నమి చంద్రులు పట్టేంత ఆకాశం. 2025 జూన్ 23న విడుదలైన తొలి చిత్రాల్లో ఒకటి ధనూరాశిలోని ట్రిఫిడ్, లగూన్ వాయు మేఘాలది. ఏడు గంటల్లో తీసిన 678 చిత్రాలను కలిపి దాన్ని తయారు చేశారు. తొలి పరీక్షల్లో పది గంటల పరిశీలనలోనే అంతవరకు తెలియని 2,104 గ్రహశకలాలు బయటపడ్డాయి. ఈ టెలిస్కోపు పదేళ్ల పాటు మూడు, నాలుగు రాత్రులకోసారి దక్షిణాకాశాన్నంతటినీ తిరిగి చిత్రించాలన్నది ప్రణాళిక. కదిలింది ఏది, వెలిగింది ఏది, ఆరిపోయింది ఏది అన్నది పాత చిత్రంతో పోల్చి వెంటనే ప్రపంచానికి చెబుతుంది. హైదరాబాద్ గాజు పలకలను దశాబ్దాల తర్వాత పోల్చాల్సి వచ్చింది. ఇక్కడ ఆ పోలిక అదే రాత్రి పూర్తవుతుంది.

2025 జులై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు ధనూరాశి దిక్కు నుంచి వస్తున్న ఒక మసక చుక్కను పట్టింది. సెకనుకు దాదాపు 60 కిలోమీటర్ల వేగం. సూర్యుడి ఆకర్షణ దాన్ని ఆపలేదు. అంటే అది సౌర కుటుంబానికి చెందింది కాదు, మరో నక్షత్రం చుట్టూ పుట్టి వచ్చిన తోకచుక్క. 2017లో ఔమువామువా, 2019లో బోరిసోవ్ తర్వాత ఇది మూడో అతిథి. అందుకే 3ఐ/అట్లాస్ అని పేరు. అక్టోబర్ చివర్లో సూర్యుడికి 20 కోట్ల కిలోమీటర్ల దగ్గరిదాకా వచ్చి తిరుగు దారి పట్టింది. డిసెంబర్‌లో భూమికి అతి దగ్గరగా ఉన్నప్పుడు కూడా 27 కోట్ల కిలోమీటర్ల ఎడం ఉంది. వెబ్ చూసినప్పుడు దాని చుట్టూ కార్బన్ డయాక్సైడ్ చాలా ఎక్కువగా కనిపించింది. మరో సూర్యుడి దగ్గరి చలిలో గడ్డకట్టిన పదార్థం మన పరికరాల ముందు నుంచి వెళ్లడం ఇంతవరకు రెండు, మూడు సార్లే జరిగింది.

వానలు వెళ్లాక శ్రవణ నక్షత్రం సాయంత్రాల్లో ఎత్తుగా ఉంటుంది. దాని పరిసరాల్లో, ఆర్మూర్‌కు నడినెత్తికి నాలుగు డిగ్రీల లోపు తేడాతో, 33 సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉందని 2024 ఏప్రిల్‌లో తెలిసింది. దూరం 2,000 కాంతి సంవత్సరాల లోపే. దాన్ని ఎవరూ చూడలేదు. ఐరోపా వారి గయా ఉపగ్రహం ఒక మామూలు నక్షత్రం ఊగిసలాడుతూ తిరగడాన్ని కొలిచింది. ఏమీ కనిపించని చోటు చుట్టూ అది 11.6 ఏళ్లకోసారి తిరుగుతోంది. 2013 డిసెంబర్‌లో ఎగిరిన గయా, 2025 మార్చిలో ఆపేసేలోపు దాదాపు 200 కోట్ల నక్షత్రాల స్థానాలను కొలిచింది. నిజామియా వేధశాల చేసిన పనే ఇది, ఇంకా ఎన్నో రెట్లు సూక్ష్మంగా.

వెలుగు లేకుండా చూడటం

2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో పరికరాలు రెండు కృష్ణబిలాలు ఢీకొని ఒకటైనప్పుడు స్థలంలో పుట్టిన గురుత్వాకర్షణ అలను పట్టాయి. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన ఆ అల నాలుగు కిలోమీటర్ల లేజరు దారి పొడవును ప్రోటాన్ అడ్డుకొలతలో వెయ్యో వంతు మేర మార్చింది. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాల, అంటే పల్సర్ లాంటి కుదించుకుపోయిన గోళాల, కలయిక దొరికింది. ఈసారి టెలిస్కోపులు ఆ చోటును వెతికి వెలుగునూ చూశాయి. బంగారం, ప్లాటినం వంటి బరువైన లోహాలు ఇలాంటి కలయికల్లో తయారవుతాయని ఆ వెలుగు తేల్చింది. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు కూడా ఆ వెలుగును వెంబడించింది. 2025 జనవరి 14న వచ్చిన మరో అల అన్నిటికన్నా స్పష్టమైనది. రెండు కృష్ణబిలాలు కలిసినప్పుడు మొత్తం ఉపరితల వైశాల్యం తగ్గదని 1971లో స్టీఫెన్ హాకింగ్ చెప్పిన మాటను అది గట్టిగా బలపరిచింది. కలయికకు ముందు వాటి ఉపరితలం సుమారు 2 లక్షల 40 వేల చదరపు కిలోమీటర్లు. తర్వాత 4 లక్షలు.

ఈ అలల ఒక్కో ఊపుకు సెకనులో చిన్న భాగమే పడుతుంది. ఒక్క ఊపుకు ఏళ్లు పట్టే అలలూ ఉన్నాయి. వాటిని పట్టడానికి ఆకాశంలోని పల్సర్లనే గడియారాలుగా వాడతారు. వాటి మిణుకుల రాకలో కలిగే అతి స్వల్ప తేడాలను ఏళ్ల తరబడి గమనించిన బృందాలు 2023 జూన్‌లో తమ తొలి ఆధారాలను ఒకేసారి వెల్లడించాయి. వాటిలో భారత్, జపాన్ శాస్త్రవేత్తల బృందం ఒకటి. అది జీఎంఆర్‌టీ కొలతలను ఐరోపా బృందానికి జతచేసింది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు కూడా అందులో ఉన్నారు.

లైగో తరహా పరికరం ఒకటి భారత్‌లో రాబోతోంది. చోటు మహారాష్ట్ర హింగోలి జిల్లాలోని ఔంఢా, నాగనాథ జ్యోతిర్లింగం ఉన్న ఊరు. ఆర్మూర్ నుంచి సూటిగా కొలిస్తే సుమారు 160 కిలోమీటర్లు. హైదరాబాద్ ఎంత దూరమో దాదాపు అంతే. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం దీనికి 2,600 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఎల్ ఆకారంలో ఒక్కోటి నాలుగు కిలోమీటర్ల పొడవున రెండు గొట్టాలు, లోపల గాలి తీసేసిన శూన్యం, కొసల్లో వేలాడే అద్దాలు. భూమి కదలికలు తక్కువగా ఉన్న చోటని ఈ నేలను ఎంచుకున్నారు. అమెరికాలో రెండు, ఐరోపాలో ఒకటి, జపాన్‌లో ఒకటిగా ఉన్న పరికరాలకు మరో దిక్కున ఇది తోడైతే, అల ఒక్కో చోటికి చేరిన క్షణాల తేడాను బట్టి అది ఆకాశంలో ఎటు నుంచి వచ్చిందో ఇప్పటికన్నా చాలా సన్నగా తేల్చవచ్చు. ఆ చోటు వైపు వెంటనే తిరగడానికి లద్దాఖ్‌లోని హాన్లేలో, సముద్ర మట్టానికి 4,500 మీటర్ల ఎత్తున, గ్రోత్-ఇండియా అనే 0.7 మీటర్ల స్వయంచాలక టెలిస్కోపు 2018 నుంచి పనిచేస్తోంది.